గాలి కబుర్లు

రిటైరైన మగవాడి దగ్గర మిగిలేవి గాలి కబుర్లేనని మా ఆవిడ ఏనాడో తేల్చేసింది. ముప్పై మూడేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి ఆ మాటకు కాస్త నొచ్చుకోవాలి. కానీ పోయిన వారం సంగతులన్నీ ఒకసారి నెమరేసుకుంటే ఆవిడ మాటే అక్షరాలా నిజమని తేలింది. సోమవారం నుంచి ఆదివారం దాకా మా ఇంట్లో ఏ కబురు కదిపినా దాని వెనకాల గాలే ఉంది.

సోమవారం మా ఆవిడ బీపీతో మొదలైంది. మా వీధి చివరి డాక్టరుగారు ఇప్పటికీ పాదరసం మిషనే వాడతారు. చేతికి పట్టీ చుట్టి, బుడ్డి నొక్కుతుంటే గాజు గొట్టంలో పాదరసం జరజరా పైకి పాకుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, చెయ్యి మనది కానంత వరకు. లెక్క 135, 85 అని తేలింది. మాత్ర మార్చక్కర్లేదు, ఉప్పు తగ్గించమన్నారు. ఇంటికొచ్చే దారిలో ఆవిడ అడిగింది, "నూట ముప్పై అయిదు అంటే ఏమిటండీ? కిలోలా, డిగ్రీలా?"

నలభై ఆరేళ్ళ కాపరంలో ఆవిడ నన్ను ఫిజిక్స్ ప్రశ్న అడగడం ఇది రెండోసారి. మొదటిసారి ఎప్పుడో ఇస్త్రీపెట్టె షాకు కొట్టినప్పుడు. నేను ఊరుకుంటానా? మిల్లీమీటర్లు అన్నాను. గుండె ఒత్తినప్పుడు రక్తం నెట్టే బలం పాదరసాన్ని 135 మిల్లీమీటర్ల ఎత్తు నిలబెట్టగలదని అర్థం. అంతటితో ఆపితే సరిపోయేది. ఆపలేదు. ఆ 135 కూడా బయటి గాలికి పైమాటే సుమా, గాలి తన వంతుగా 760 మిల్లీమీటర్ల ఒత్తిడి ముందే పెడుతోంది, డాక్టరుగారి మిషను ఆ పైన ఉన్నదాన్నే చూపిస్తుంది అని చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుని నడిరోడ్డు మీద ఆగిపోయింది. "అయితే నా బీపీ ఎనిమిది వందల తొంభై అయిదా?"

సాయంత్రానికి మా వీధిలో సగం మందికి ఆ అంకె తెలిసిపోయింది. పాలవాడు కూడా పరామర్శించాడు.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని పీడనం అంటారు. ఆ మాట పెట్టుకుని తరాల తరబడి పిల్లల్ని పీడించాం. ఒత్తిడి అంటే చాలు. సైకిల్ షాపు కుర్రాడికి ఇది మనకన్నా బాగా తెలుసు. కారు టైరులో 32 పెట్టమంటే, ఆ 32 బయటి గాలికి పైన అన్నమాట. గాలి పోయి చతికిలబడ్డ టైరులో కూడా లోపల గాలి ఉంటుంది. బయట ఎంత ఒత్తిడో లోపలా అంతే ఉంటుంది కాబట్టి మోయలేక కూలబడుతుంది.

ఆ రాత్రి మా పడకగదిని టేపుతో కొలిచాను. పన్నెండు అడుగులు, పది అడుగులు, ఎత్తు పది. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. లెక్కేస్తే ఆ గదిలో ఉన్న గాలి నలభై కిలోలు తూగుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నరకు పైమాటే. "దాన్ని మోస్తున్నదెవరు?" అంది మా ఆవిడ, దుప్పటి లాక్కుంటూ. మంచి ప్రశ్న. గచ్చు మోస్తోంది, మనమూ మోస్తున్నాం. ఈ గదిలోదే కాదు, నెత్తిమీద ఆకాశం చివరిదాకా ఉన్నదంతా. అరచెయ్యి చాపితే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా కిలో పైచిలుకు బరువుంటుంది. చెయ్యి వంగిపోదెందుకంటే గాలి పైనుంచే కాదు, కింద నుంచీ పక్కల నుంచీ అంతే నెడుతుంది, ఒంటి లోపలి ఒత్తిడీ దానికి సరితూగి ఉంటుంది. టొరిచెల్లి అనే ఇటలీ ఆయన 1644లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, మనం గాలి సముద్రం అడుగున మునిగి బతుకుతున్నామన్నాడు. కాకినాడ వాళ్ళకు ఇంతకన్నా బాగా చెప్పనక్కర్లేదు. సముద్రం అడుగున ఉన్న చేప నీళ్ళు బరువుగా ఉన్నాయని ఫిర్యాదు చెయ్యదు కదా.

ఆ టొరిచెల్లి గొట్టంలో పాదరసం 76 సెంటీమీటర్లు నిలిచింది. పాదరసం బదులు నీళ్ళు పోస్తే పది మీటర్ల పైచిలుకు నిలుస్తాయి. ఈ లెక్క మా బావమరిదికి డబ్బు ఖర్చుపెట్టి తెలిసింది. పెద్దాపురం దగ్గర మెట్టపొలం వాడిది. ఆ మధ్య నీటిమట్టం దిగిపోతే, పైన పెట్టిన మోటారు ఎంత మొరాయించినా చుక్క రాలేదు. ఇంకా పెద్ద మోటారు కొంటానన్నాడు. బాబూ, నీళ్ళు లాగేది మోటారు కాదు, కిందనుంచి నెట్టేది గాలి, దాని చేతనైంది పది మీటర్లే, అదీ పుస్తకంలో, పొలంలో ఏడెనిమిదికే చేతులెత్తేస్తుంది, మోటార్ని కిందకి దింపెయ్ అని చెప్పాను. వినలేదు. పెద్ద మోటారు కొన్నాడు. తరవాత సబ్‌మెర్సిబుల్ కొన్నాడు.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి అమ్మాయి ఫోను. వాళ్ళది అమెరికాలో డెన్వరు. అప్పటికి వాళ్ళకింకా సోమవారం రాత్రి ఎనిమిదిన్నరే. ఆ ఊరు సముద్రమట్టానికి సరిగ్గా మైలు ఎత్తులో, అంటే 1,609 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి ఆ మైలు పేరే ముద్దుపేరు కూడా. అమ్మాయి చెప్పిన మొదటి కబురు, కుక్కరు రబ్బరు పోయింది, కొత్తది వచ్చేదాకా కందిపప్పు మామూలు గిన్నెలో పెడుతున్నాను, గంట ఉడికినా పప్పు పప్పులాగే ఉంది అని. నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు మరగడమంటే లోపలి ఆవిరి బయటి గాలి ఒత్తిడిని ఎదిరించి బుడగలుగా పైకి రావడం. బయట గాలి పలచబడితే ఆవిరికి పని తేలిక. డెన్వర్లో నీళ్ళు 95 డిగ్రీలకే మరిగిపోతాయి. మరిగాక ఇంకెంత మంట పెట్టినా వేడి పెరగదు, ఆవిరి పెరుగుతుందంతే. ఆ అయిదు డిగ్రీల లోటు పప్పుకు పెద్ద లోటు. కుక్కరు సరిగ్గా దీనికి తలకిందులు. మూత బిగించి, వెయిట్ పెట్టి, లోపలి ఒత్తిడి రెట్టింపు చేస్తే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగకుండా ఓపిక పడతాయి. డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1679లో దీన్ని కనిపెట్టి, పేలకుండా ఆవిరి వదిలే ఏర్పాటు కూడా తనే చేశాడు. మన వంటిళ్ళలో కూసే ఆ కూత వెనక ఆయనే ఉన్నాడు.

"నాన్నా, రబ్బరు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు" అంది అమ్మాయి.

ఇంతలో మనవడు ఫోను లాక్కున్నాడు. పన్నెండేళ్ళవాడు. అక్కడ బేస్‌బాల్ ఆడతాడు. శనివారం ఆటలో హోమ్‌రన్ కొట్టాడట. రెండు వందల అడుగుల దూరంలో ఉన్న కంచె దాటి, ఇంకో పదిహేనడుగుల అవతల పడిందట బంతి. వాడి గొంతు ఫోను పట్టనంతగా పొంగుతోంది. నేనేమన్నాను? సెబాసు రా నాయనా అనాలి కదా? "డెన్వర్ గాలి పలచన కదరా, అక్కడ ఎవరు కొట్టినా దూరం పోతుంది" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. అక్కడి గాలి ఇక్కడికన్నా ఆరో వంతుకు పైగా పలచన. వాళ్ళ ఊరి పెద్ద స్టేడియం, కూర్స్ ఫీల్డ్, 1995లో తెరిచింది మొదలు బంతులు మరీ ఎగిరిపోతున్నాయని, 2002 నుంచి ఆటకు ముందు బంతుల్ని తేమ గదిలో నిలవపెట్టి కాస్త మెత్తబరుస్తున్నారు. ఇదంతా వాడికి చెప్పాను. అవతల నిశ్శబ్దం. తరవాత అమ్మాయి గొంతు. "పిల్లాడి సంతోషం మీద నీళ్ళు పొయ్యకపోతే మీకు తోచదా నాన్నా?"

నీళ్ళు కాదమ్మా, గాలి అందామనుకున్నాను గానీ, ఆ క్షణంలో నోరు మూసుకోవాలన్న జ్ఞానం వచ్చింది.

బుధవారం ప్రయాణం. డాక్టరుగారు ఉప్పుతో పాటు గాలి మార్పు కూడా రాశారని మా ఆవిడ ప్రకటించింది. రాశారో లేదో నేను చీటీ చూడలేదు. కాకినాడ నుంచి విశాఖ మూడు గంటల దూరం. అబ్బాయి ఇల్లు అక్కడే. దసరా సెలవులు కాబట్టి పిల్లలిద్దరూ ఖాళీ. మర్నాడు పొద్దున్నే అందరం కిరండూల్ రైలెక్కాం, అరకుకు. సామాను మొయ్యడానికని కాదు గానీ, మా బావమరిదిని కూడా పిలిచాం.

ఆ రైలు దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే ఈ లైను 1960లలో వేశారు, బైలదిలా కొండల్లోని ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి. లైను మొత్తం మీద 58 సొరంగాలని లెక్క. శృంగవరపుకోట దాటేదాకా మామూలు పొలాలు, తాటిచెట్లు. అక్కణ్ణించి ఇంజను గొంతు మారుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దాటి శిమిలిగూడ దగ్గరకొచ్చేసరికి సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు చేరువలో ఉంటాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ కలిసి కేక. మా చిన్నవాడు ముప్పై దాకా లెక్కపెట్టి గొంతు పోగొట్టుకున్నాడు.

"తాతయ్యా, చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి" అన్నాడు త్యాడ దాటాక. నావీ పడ్డాయి. కర్ణభేరి లోపలి వైపు చిన్న గది ఉంది. అందులో ఇంకా విశాఖ గాలే ఉంది, బయట కొండగాలి వచ్చేసింది. లోపలిది బయటికి తోస్తోంది. ఆ గది నుంచి గొంతులోకి ఓ సన్నటి గొట్టం ఉంటుంది. మామూలుగా మూసుకునే ఉంటుంది, మింగినప్పుడూ ఆవలించినప్పుడూ తెరుచుకుంటుంది. ఆవలించరా అన్నాను. వాడు ఆవలించాడు. ఆవలింత అంటువ్యాధి కదా, నిమిషంలో పెట్టె సగం ఆవలించింది. టిక్కుమని చెవులు తెరుచుకున్నాయి.

మనవరాలికి పదకొండేళ్ళు. చెవుల మీద దానికి ఆసక్తి లేదు. దాని చూపు జీడిపప్పు, చిప్స్ ఉన్న సంచీ మీద. విశాఖలో కొన్నప్పుడు మామూలుగా ఉన్న చిప్స్ పొట్లం ఇప్పుడు పొట్ట ఉబ్బి దిండులా తయారైంది. అది పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "దీనికి ఆవలించడం రాదుగా తాతయ్యా" అంది. ముప్పై మూడేళ్ళలో నా క్లాసులో ఎవరూ అంత బాగా చెప్పలేదు.

ఇక్కడ ఓ బావగారి కథ చెప్పాలి. గాలికి బరువుందని టొరిచెల్లి అన్నాక, ఫ్రాన్సులో పాస్కల్ అనే కుర్రవాడికి ఓ ఆలోచన వచ్చింది. నిజంగా మనం గాలి సముద్రం అడుగున ఉంటే, కొండెక్కితే నెత్తిమీద గాలి తగ్గాలి, పాదరసం దిగాలి. కానీ పాస్కల్ ఉన్నది పారిస్‌లో. అక్కడ పెద్ద కొండలు లేవు. పైగా ఒంట్లో ఓపిక లేని మనిషి. అందుకని పుట్టినూళ్ళో ఉన్న అక్క మొగుడికి ఉత్తరం రాశాడు, బావా, కాస్త కొండెక్కి చూసి చెప్పవూ అని. ఆయన పేరు పెరియె. 1648 సెప్టెంబరు 19న ఆయన ఊళ్ళో పెద్దమనుషుల్ని వెంటేసుకుని, గాజు గొట్టాలు, పాదరసం మోసుకుని, పూయ్ ద డోమ్ అనే కొండెక్కాడు. అంతేకాదు, కింద మఠం తోటలో ఇంకో గొట్టం పెట్టి, రోజంతా దాన్ని కనిపెట్టుకుని ఉండమని ఒక సన్యాసిని కూర్చోబెట్టాడు. కిందది కదలలేదు. పైది మూడు అంగుళాలకు పైగా దిగింది. సైన్సులో ఆ సన్యాసి పాత్ర నాకు చాలా ఇష్టం. ఏమీ జరగలేదని రోజంతా చూసి చెప్పడం చిన్న విషయం కాదు.

మేమూ అదే పని చేశాం. మా అబ్బాయి ఫోన్లో గాలి ఒత్తిడి చూపించేది ఒకటి ఉంది. ఈ రోజుల్లో చాలా ఫోన్లలో ఉంటుంది. విశాఖ స్టేషన్లో 1009 చూపించింది. ఆ అంకె పక్కనుండే కొలత పేరు హెక్టోపాస్కల్. బావమరిది పేరు చరిత్రలో అలా నిలిచిపోయింది. కొండెక్కిన బావ పేరు మీద ఏ కొలతా లేదు. ఈ మాట అనగానే మా బావమరిది చేతిలో రెండు సంచులూ కింద పెట్టి, "మా సంగతి కూడా అంతే బావగారూ, కాకపోతే వరస తిరగబడింది" అన్నాడు.

అరకులో దిగాక ఫోను 911 చూపించింది. నూటికి పది వంతుల గాలి కింద వదిలేసి వచ్చాం. హోటల్లో టీ అడిగితే పొగలు కక్కుతూ వచ్చింది. కానీ ఇక్కడ నీళ్ళు మరిగేది 97 దగ్గరే. టీ మాస్టర్ని అడిగాను, పప్పు ఎలా ఉడికిస్తావయ్యా అని. "కుక్కర్లేకపోతే ఇక్కడ హోటలు నడవదు సార్" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో, మీ అమ్మాయి రబ్బరు సంగతి ఏం చేశారు, అన్న ప్రశ్న ఉంది.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. మనవరాలు ఫోను పట్టుకుని చాలాసేపటి నుంచి మాట్లాడకుండా ఉంది. పిల్లలు అలా ఉంటే జాగ్రత్తపడాలి. "తాతయ్యా, హుద్‌హుద్ తుపానప్పుడు గాలి ఒత్తిడి 950కి పడిపోయిందని నాన్న చెప్పాడు. మా అపార్ట్‌మెంటు అద్దాలన్నీ పగిలిపోయాయంట. ఇక్కడ 911 ఉంది. అంతకన్నా తక్కువే కదా. మరి తుపాను ఏది?"

2014 అక్టోబరు 12. ఆ పిల్ల అప్పటికి పుట్టనే లేదు. విశాఖ వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు ఒక తిథిలా నిలిచిపోయింది. నేను టీ రెండు గుక్కలు తాగాను. దాని మాట నిజం. అరకులో ప్రతి ప్రశాంతమైన పొద్దున్నా ఉండే ఒత్తిడి, హుద్‌హుద్ కన్నులో ఉన్నదానికన్నా తక్కువ. అయినా ఇక్కడ కాఫీ తోటల మీద మిరియపు తీగ కూడా కదలట్లేదు.

నేను చెప్పిన సమాధానం ఇది. మీ నాన్న చిన్నప్పుడు ధవళేశ్వరం కాలవ మీద లాకులు చూపించేవాణ్ణి. లాకు తలుపుకి ఇవతల నీళ్ళు ఎత్తుగా, అవతల పల్లంగా ఉంటాయి. తలుపు కాస్త ఎత్తితే చాలు, నీళ్ళు రంకెలేస్తూ దూకుతాయి. గాలి కూడా అంతే. ఒత్తిడి తక్కువగా ఉండటం కాదు సంగతి, పక్కవాడికన్నా తక్కువగా ఉండటం. హుద్‌హుద్ కన్నులో 950, కాస్త దూరంలో, అదే సముద్రమట్టం మీద, వెయ్యి. ఆ తేడా పూడ్చడానికి గాలంతా విరుచుకుపడుతుంది. పోతూపోతూ భూమి తిరుగుడు వల్ల సుడి తిరుగుతుంది. అరకులో మనకి 911, పక్క హోటల్లోనూ 911, ఆ కొండవాలులో అంత ఎత్తున ఎవరిని అడిగినా అంతే. ఎవరి మీద ఎవరికి విరుచుకుపడాలనుంటుంది? మరి కింద విశాఖలో 1009 ఉందిగా, అది పైకి దూకదా అంటే, దాని నెత్తిమీద ఈ తొమ్మిది వందల మీటర్ల మందం గాలి కూర్చుని ఉంది. ఆ వంద తేడా ఈ గాలి బరువే. మేడ మీది ట్యాంకు అడుగున నీళ్ళకు ఒత్తిడి ఎక్కువున్నా పైకి చిమ్మవు కదా, అలాగ.

మనవరాలు ఆలోచించి ఒప్పుకుంది. "అంటే తక్కువ ఉంటే గొడవ లేదు, పక్కింటికీ మనకీ తేడా ఉంటేనే గొడవ" అంది. దానికి మా కోడలు ఎందుకో గట్టిగా నవ్వింది.

తిరుగు దారిలో బొర్రా గుహలు చూశాం. జనం ఎక్కువ, మెట్లు ఎక్కువ, మోకాళ్ళు తక్కువ. అక్కడ కూడా గాలే సూత్రధారి అంటే పిల్లలు నమ్మలేదు. వాన పడుతూ పడుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును, మట్టిలోంచి ఇంకాస్తను కలుపుకుంటుంది. మనం తాగే సోడాకు బలహీనమైన చుట్టం అనుకోండి. ఆ నీళ్ళు సున్నపురాతి బీటల్లోకి దిగి రాయిని మెల్లిగా కరిగిస్తాయి. గుహ కప్పు నుంచి బొట్టు వేలాడినప్పుడు, పట్టుకున్న వాయువు కాస్త గుహ గాలిలోకి జారిపోతుంది. సోడా గ్యాసు పోయినట్టే. పులుపు పోయిన నీళ్ళు రాయిని మొయ్యలేవు, ఉన్నదాన్ని అక్కడే అతికించిపోతాయి. బొట్టు మీద బొట్టు, వేల ఏళ్ళు. మా బావమరిది ఒక శిలాస్తంభం కేసి చూసి, "మా బోరులో నీళ్ళు కాస్తే గిన్నెకు పట్టే తెల్లపూత ఇదేనా?" అన్నాడు. ఇదే. వాడు మోటార్ల విషయంలో తప్ప మిగతా అన్నింట్లో తెలివైనవాడు.

దారంతా వాడు విశాఖలో క్రికెట్ గురించి చెబుతూనే ఉన్నాడు. సముద్రం పక్క స్టేడియం, తేమకు గాలి బరువెక్కుతుంది, అందుకే బంతి స్వింగ్ అవుతుంది అని. టీవీలో వ్యాఖ్యాతలు కూడా ఇదే మాట. నిజానికి తేమ గాలి పొడి గాలికన్నా తేలిక. నీటి అణువు బరువు 18, మిగతా గాలి సగటున 29. బరువైనవాళ్ళని లేపి తేలికైనవాళ్ళు కూర్చుంటే బెంచీ బరువు తగ్గుతుందా, పెరుగుతుందా? బరువనిపించేది గాలి కాదు, ఆరని మన చెమట. స్వింగ్ సంగతి బంతి కుట్టు, నునుపు, గరుకు చూసుకుంటాయి. వాడు వినలేదు. మోటారు కొన్న మనిషి.

శుక్రవారం ఇల్లు చేరాం. శనివారం పొద్దున్న మా షటిల్ బృందం ఇండోర్ స్టేడియంలో కలిసింది. నలుగురం కలిస్తే వయసు రెండు వందల ఎనభై దాటుతుంది. నేను కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాణ్ణి. పసుపు ఉన్ని బంతి, ఆరుబయట ఆట. గాలివాటం చూసుకుని సర్వీసు చేసేవాళ్ళం. సైడు మారగానే గాలి మనకి ఎదురయ్యేది. ఆ ఉన్ని బంతి ముప్పై గ్రాముల లోపే. షటిల్ కాక్ అయితే మరీ అన్యాయం. పదహారు ఈకలు, ఓ బెండు ముక్క, మొత్తం కలిపి అయిదు గ్రాములు. దానికి ఫ్యాను గాలి కూడా తుపానే. అందుకే అక్టోబరు ఉక్కలో కూడా ఫ్యాన్లు కట్టేసి, చెమటలు కక్కుతూ ఆడతాం.

మా అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జపానులో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు పోయి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ వేగం రాకెట్ వదిలిన క్షణంలోది. తరవాత? అంత తేలికైనదానికి అంత వెడల్పు గౌను తొడిగితే గాలి ఊరుకుంటుందా? గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. నేను కాగితం మీద వేసిన లెక్క ప్రకారం, మూడు మీటర్లు పోయేసరికి కాక్ వేగం సుమారు సగమవుతుంది. ఇంకో మూడు మీటర్లకు అందులో సగం. 565 కాస్తా 280, 140, 70... కోర్టు పొడవు 13.4 మీటర్లు. అవతలి గీత చేరేసరికి మా బృందంలో మోకాలి ఆపరేషన్ అయినాయన కూడా ఎత్తగలిగే వేగం మిగులుతుంది. ఎత్తగలిగేది వేగాన్నే. కాక్ ఎక్కడుందో కనిపించాలిగా.

కాక్ డబ్బా మీద 76, 77, 78 అని అంకెలుంటాయి. అదీ గాలి లెక్కే. పలచని గాలి ఉన్న ఎత్తు ఊళ్ళకీ, ఎండ ఊళ్ళకీ తక్కువ అంకె, అంటే నెమ్మదైన కాక్. చలి ఊళ్ళకి ఎక్కువ అంకె. డబ్బా చేతిలో పట్టుకుని ఆ అంకె చూస్తుంటే, నా బుర్రలో ఏదో కలుక్కుమంది. వేగానికి వర్గం. పెద్దవాళ్ళు కొట్టే బేస్‌బాల్ గంటకు నూట అరవై కిలోమీటర్లు పోతుంది. అంత వేగంలో గాలి అడ్డు చాలా ఎక్కువ, కాబట్టి పలచని గాలి ఇచ్చే రాయితీ కూడా ఎక్కువే. నాలుగు వందల అడుగులు పోయే దెబ్బకు డెన్వర్లో ఇరవై అడుగులు పైన వస్తాయి. మరి పన్నెండేళ్ళ పిల్లాడి దెబ్బకి?

సర్వీసు నాదే. రెండు నిమిషాలు ఆపి, డబ్బా వెనక పెన్నుతో లెక్కేశాను. నా జోడీ ఆయన, "మాస్టారూ, గుండె బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉంది. ఆ రోజు రెండు గేములూ ఓడిపోయాం.

ఆదివారం పొద్దున్న ఎనిమిదికి నేనే ఫోను చేశాను. అమ్మాయి ఎత్తగానే, కుక్కరు రబ్బరు వచ్చింది, పప్పు ఉడికింది అంది. సంతోషం, వాడికివ్వు అన్నాను. వాడు వచ్చాడు. "ఆఁ, తాతా" అన్నాడు పొడిగా.

"ఒరేయ్, మొన్న నేను చెప్పింది తప్పురా. పూర్తిగా తప్పు కాదు గానీ, లెక్క వెయ్యకుండా చెప్పాను. నువ్వు కొట్టిన దెబ్బకి డెన్వర్ గాలి చేసిన సాయం మహా అయితే ఏడెనిమిది అడుగులు. నీ బంతి కంచె దాటి పదిహేనడుగులు పోయింది. ఎనిమిది తీసేసినా ఇంకా ఏడు అడుగులు అవతలే. కాకినాడ సముద్రపు ఒడ్డున కొట్టినా అది హోమ్‌రనే."

అవతల కాసేపు చప్పుడు లేదు. వాడూ లెక్కేసుకుంటున్నాడనుకుంటాను.

"కాకినాడలో బేస్‌బాల్ గ్రౌండు ఉందా తాతా?"

లేదు. సంక్రాంతికి వస్తే మా బావమరిది పొలంలో గీతలు గీస్తామని చెప్పాను. పెద్ద మోటారు ఇప్పుడు ఖాళీగానే పడి ఉంది, దాన్ని బేసు కింద పెట్టుకోవచ్చు.